పరుగుకు ముందు కాదు, పరుగు తర్వాత చాప పరవండి

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చిందంటే మా ఫిజియోథెరపీ విభాగం ముందున్న బెంచీల మీద చోటు దొరకదు. మామూలు రోజుల్లో అక్కడ నడుము నొప్పితో వచ్చిన పెద్దలు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు కూర్చుని ఉంటారు. ఆ నెలల్లో మాత్రం ఇరవై, ఇరవై రెండేళ్ల అబ్బాయిలు, అమ్మాయిలు వరుసగా కనిపిస్తారు. ఒకరు మోకాలి చిప్ప పట్టుకుని, ఒకరు మడమ నేలకు ఆనించలేక, ఒకరు కాలి ముందెముకను నిమురుకుంటూ ఉంటారు. వాళ్లను మేము అడిగే మొదటి ప్రశ్న పేరు కాదు, ఊరు కాదు. "ఈవెంట్స్ ఎప్పుడు?"

అలా వచ్చిన ఒక అబ్బాయి గురించి చెప్పి ఈ వ్యాసం మొదలుపెడతాము. అతన్ని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాము. తండ్రి లేడు. తల్లి కూలి పనికి వెళ్తుంది. రాతపరీక్ష ప్రిలిమ్స్ గట్టెక్కాడు. ఇక 1600 మీటర్ల పరుగు మిగిలింది. అప్పటిదాకా పరుగు అలవాటు లేదు. రెండు వారాల్లో రోజుకు 2 కిలోమీటర్ల నుంచి 8 కిలోమీటర్లకు పెంచాడు. అదీ సిమెంటు రోడ్డు మీద, అరిగిపోయిన కాన్వాస్ బూట్లతో. కాలి ముందెముక నొప్పి మొదలైంది. "ఒళ్లు బిగుసుకుపోయింది, యోగా చెయ్యి, నరాలు సాగుతాయి" అని స్నేహితులు చెప్పారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి నలభై నిమిషాలు ఆసనాలు వేసి, కాళ్లు బాగా సాగదీసి, ఆ తర్వాత పరుగుకు వెళ్లేవాడు. నొప్పి తగ్గలేదు. ఆసనాలు చాలడం లేదేమోనని ఇంకో పది నిమిషాలు పెంచాడు.

మా దగ్గరికి వచ్చిన రోజు ఆ ఎముక మీద వేలితో నొక్కి చూశాము. రూపాయి బిళ్లంత చోట నొక్కగానే ఎగిరిపడ్డాడు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఎముకలో వచ్చే సన్నని పగులు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేకు దొరకకపోవచ్చు. "పరుగు ఆపాలి బాబూ" అన్నాము. "ఇంకా ఇరవై నాలుగు రోజులే ఉంది సార్. ఆపితే పోతుంది" అన్నాడు. ఆపలేదు. మళ్లీ వచ్చినప్పుడు తల్లి భుజం మీద చెయ్యి వేసుకుని కుంటుతూ వచ్చాడు. ఈసారి ఎక్స్‌రేలో పగులు కనబడింది. ఆ సెలక్షన్ పోయింది.

ఆ తల్లి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. "యోగా మంచిదంటారు కదండీ డాక్టరుగారూ. రోజూ చేశాడు. మరి ఇలా ఎందుకైంది?"

ఆమెకు ఆ రోజు ఓపీలో నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పాము. అది సరిపోలేదని మాకే అనిపించింది. ఈ వ్యాసం ఆ జవాబుకు కొనసాగింపు.

మా అభిప్రాయం

పరుగెత్తేవారికి, ఆటలాడేవారికి యోగా పనికొస్తుంది. ఈ విషయంలో మాకు సందేహం లేదు. కానీ ఇప్పుడు మన మైదానాల్లో ఎక్కువమంది దాన్ని మూడు తప్పుడు పనులకు వాడుతున్నారు. పరుగుకు ముందు కండరాలను గంటసేపు సాగదీయడానికి, నొప్పికి మందుగా, పక్కవాడికంటే ఎక్కువ వంగి చూపించే పోటీగా. ఈ మూడూ మానేసి, బలానికి, నిలకడకు, ఊపిరికి, విశ్రాంతికి వాడుకుంటే యోగాకు మించిన తోడు దొరకడం కష్టం. పైగా దానికి కావలసింది ఒక చాప, ఒక తువ్వాలు, ఒక గోడ. డబ్బు ఖర్చు లేదు.

పరుగు ఒంటికి ఏం చేస్తుంది?

పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల బరువు కాలి మీద పడుతుంది. 60 కిలోల మనిషికి అది 120 నుంచి 180 కిలోలు. రోజూ 5 కిలోమీటర్లు పరుగెత్తే కుర్రవాడి ఒక్కో కాలు రెండు వేలకు పైగా సార్లు ఆ బరువు మోస్తుంది. ఒక అడుగుతో ఏమీ కాదు. అడుగు మీద అడుగు, రోజు మీద రోజు పడుతూ ఉంటే లెక్క మారుతుంది.

ఎముకను రాయిలాంటిదని అనుకుంటాము గాని అది జీవమున్న పదార్థం. బరువు పెరిగితే తనను తాను మరమ్మతు చేసుకుంటుంది. ముందు పాత ఎముకను తొలిచి తీసేస్తుంది, తర్వాత కొత్తది పోస్తుంది. తొలిచే పని కొన్ని వారాల్లో అయిపోతుంది. కొత్తది గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఇంటి గోడ కొంత పడగొట్టి కొత్త ఇటుకలు పేర్చే మధ్యకాలంలో దాని మీద స్లాబు బరువు వేస్తే ఏమవుతుందో ఊహించండి. పరుగు మొదలుపెట్టిన మూడో వారం, నాలుగో వారంలో చాలామందికి కాలి ఎముక నొప్పి రావడానికి కారణం ఇదే. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాము. కండరాన్ని ఎంత సాగదీసినా ఎముక మరమ్మతు ఒక్క రోజు కూడా ముందుకు జరగదు. దానికి కావలసింది సమయం, తిండి, నిద్ర.

ఇక కండరాల సంగతి. కాలు నేలకు తగిలిన ప్రతిసారీ ఒంటికాలి మీద ఒళ్లంతా నిలబడుతుంది. ఆ క్షణంలో నడుము పక్కకు ఒరిగిపోకుండా ఆపేవి తుంటి పక్కనున్న కండరాలు. అవి బలహీనంగా ఉంటే మోకాలు లోపలికి వాలుతుంది, పాదం లోపలికి ఒరుగుతుంది. మోకాలి చిప్ప చుట్టూ నొప్పితో వచ్చేవారిని ఒంటికాలి మీద కొంచెం గొంతు కూర్చోమంటే ఈ లోపం చాలామందిలో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. వాళ్లకు లోపించింది బలం, నిలకడ. సాగడం కాదు.

సాగదీస్తే దెబ్బలు తగ్గుతాయా?

తగ్గుతాయని మేమూ చాలాకాలం నమ్మినవాళ్లమే. మా చదువుల్లో కూడా అలాగే చెప్పారు. తర్వాత జరిగిన పరిశోధనలు మా ఆలోచన మార్చాయి.

2000లో ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1538 మంది మీద జరిపిన అధ్యయనం ఒకటి ప్రచురితమైంది. పన్నెండు వారాల శిక్షణలో సగంమంది వ్యాయామానికి ముందు కాళ్ల కండరాలను ఒక్కొక్కటిగా సాగదీశారు, మిగతా సగం సాగదీయలేదు. రెండు గుంపుల్లోనూ గాయాలు దాదాపు సమానంగానే వచ్చాయి. ఎవరికి గాయాల ముప్పు ఎక్కువో చెప్పింది వాళ్లు చేరేనాటికి ఉన్న దేహదారుఢ్యం. మన కానిస్టేబుల్ అభ్యర్థులకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉండదు.

2014లో డెన్మార్క్ పరిశోధకులు 25 అధ్యయనాలను, వాటిలోని 26,610 మంది ఫలితాలను కలిపి చూశారు. కండర బలం పెంచే వ్యాయామాలు చేసినవారిలో ఆటల గాయాలు మూడో వంతు కంటే తక్కువకు పడిపోయాయి. సాగదీయడం వల్ల మాత్రం చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు.

పైగా ఒక కండరాన్ని నిమిషానికి మించి కదలకుండా లాగి పట్టుకుంటే, ఆ వెంటనే దాని బలం కొద్దిగా తగ్గుతుంది. కాసేపటికి మళ్లీ మామూలవుతుంది గాని, సెకన్ల లెక్కలో ఉద్యోగం వచ్చేదీ పోయేదీ తేలే పరుగుకు ముందు ఆ నష్టం ఎందుకు కొనితెచ్చుకోవాలి?

మరి యోగా దండగ అంటారా అని అడగవచ్చు. కాదు. యోగా అంటే సాగదీయడం ఒక్కటే అనుకోవడంలో ఉంది పొరపాటు. 2016లో అమెరికాలో కాలేజీ క్రీడాకారుల మీద జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, పది వారాలు యోగా చేసిన 14 మందికి ఒంట్లో సాగే గుణంతోపాటు నిలకడ కూడా మెరుగుపడింది. యోగా చేయని 12 మందిలో అంత మార్పు లేదు. అది చాలా చిన్న సంఖ్య. గాయాలు తగ్గాయా లేదా అని అందులో చూడలేదు. కాబట్టి మేము దాన్ని చూపించి గొప్పలు చెప్పము. అయినా ఒంటికాలి మీద నిలకడ పెరిగితే పరుగెత్తేవాడికి మేలని మా రోజువారీ అనుభవం కూడా చెబుతోంది.

వేల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు ర్యాన్ గిగ్స్ పేరు కొందరు మాకు గుర్తుచేస్తారు. తొడ వెనుక కండరాల గాయాలతో బాధపడి, యోగా మొదలుపెట్టి, 2014లో 40 ఏళ్ల వయసులో ఆట విరమించాడు. అంతకాలం ఆడగలగడానికి యోగా తోడ్పడిందని ఆయనే చెప్పాడు. నిజమే కావచ్చు. అయితే ఆయన చుట్టూ డాక్టర్లు, ఫిజియోలు, మంచి తిండి, మంచి మైదానం ఉన్నాయి. మన కుర్రవాడికి ఉన్నది బైపాస్ రోడ్డు. ఆయన ఆసనం ఒక్కటే తెచ్చుకుని మిగతాదంతా వదిలేస్తే లెక్క కుదరదు.

పరుగుకు ముందు ఏం చేయాలి?

ఐదు నిమిషాలు వడిగా నడవండి. మరో ఐదు నిమిషాలు మెల్లగా పరుగెత్తండి. తర్వాత గోడ పట్టుకుని కాలిని ముందుకూ వెనక్కూ, పక్కలకూ పదేసిసార్లు ఊపండి. మోకాళ్లు పైకెత్తుతూ ఇరవై అడుగులు, మడమలు పిరుదులకు తగిలేలా ఇరవై అడుగులు వేయండి. వేగంగా పరుగెత్తాల్సిన రోజయితే చివర్లో రెండు మూడు చిన్న పరుగులు తీయండి. అది చాలు.

యోగా చేయకుండా ఉండలేమనేవారు నాలుగైదు సూర్యనమస్కారాలు ఆగకుండా, ఊపిరితో కలిపి చేయవచ్చు. అందులో ఒళ్లు కదులుతూనే ఉంటుంది, వేడెక్కుతుంది. సూర్యనమస్కారాలను అందరూ చేయదగిన వ్యాయామంగా 1920లలో విరివిగా ప్రచారం చేసినవాడు మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజు. లోనావ్లాలో 1924లో కైవల్యధామం స్థాపించిన స్వామి కువలయానంద యోగాభ్యాసాలను ప్రయోగశాలలో పరీక్షించి చూడడానికి పూనుకున్నాడు. అవసరాన్ని బట్టి యోగాను సర్దుకోవడం, కొలిచి చూడడం ఈ దేశంలో నూరేళ్లుగా ఉన్న పనే. మనం సర్దుకుంటే అపచారమేమీ కాదు.

పరుగు తర్వాత ఇరవై నిమిషాలు

పరుగు అయ్యాక ఐదు నిమిషాలు నడిచి, నీళ్లు తాగి, అప్పుడు చాప పరవండి. మా విభాగంలో నేర్పే వరుస ఇది. వారానికి మూడు నాలుగు రోజులు చాలు.

మొదటిది, ఒక కాలు ముందుకు మడిచి, వెనుక కాలి మోకాలు చాప మీద ఆనించి కూర్చునే భంగిమ. సూర్యనమస్కారాల్లో వచ్చే అశ్వసంచాలనాసనం ఇదే. వెనుక మోకాలి కింద తువ్వాలు మడిచి పెట్టుకోండి. గజ్జల దగ్గర మెల్లగా సాగినట్టు తెలియాలి. ఒక్కో వైపు అర నిమిషం, రెండుసార్లు. గంటల తరబడి కుర్చీలో కూర్చుని చదివే అభ్యర్థులకు ఇది బాగా పనికొస్తుంది.

రెండోది అధోముఖ శ్వానాసనం. చేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తాలి. మోకాళ్లు కొంచెం వంచే ఉంచండి. ఒకసారి ఒక మడమ, ఒకసారి రెండో మడమ కిందికి దించుతూ ఐదారు ఊపిర్లు తీసుకోండి. మడమలు నేలకు తగిలి తీరాలన్న పట్టుదల వద్దు.

మూడోది వీరభద్రాసనం. ముందు కాలి మోకాలు పాదం వేళ్ల వైపే చూడాలి, లోపలికి వాలకూడదు. ఒక్కో వైపు ఇరవై నుంచి ముప్పై సెకన్లు. తొడ వణికితే భయపడకండి. బలం వచ్చే దారి అదే.

నాలుగోది వృక్షాసనం. ఒంటికాలి మీద నిలబడి రెండో పాదాన్ని తొడకు గాని పిక్కకు గాని ఆనించండి. మోకాలి పక్కన మాత్రం ఆనించవద్దు. తూలితే గోడ పట్టుకోండి. ఒక్కో కాలికి అర నిమిషం. ఇది వచ్చాక కళ్లు మూసుకుని చేసి చూడండి. చీలమండ ఎంత పని చేస్తోందో తెలుస్తుంది.

ఐదోది సేతుబంధాసనం. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు బిగించి నడుము పైకెత్తాలి. పదిసార్లు ఎత్తి దించండి. రెండు మూడు వారాలయ్యాక ఒక కాలు చాచి ఒంటికాలితో ఎత్తండి. పరుగెత్తేవారికి ఒకే ఒక్క ఆసనం చెప్పమంటే మేము దీన్నే చెబుతాము.

ఆరోది, పడుకునే పాదానికి తువ్వాలు తగిలించి కాలు పైకెత్తి, తొడ వెనుక భాగం సాగేలా పట్టుకోవడం. మోకాలు కొంచెం వంగినా ఫరవాలేదు. ఒక్కో కాలికి అర నిమిషం, రెండుసార్లు.

చివరగా కాళ్లు గోడకు చేరేసి మూడు నిమిషాలు, ఆ తర్వాత శవాసనంలో ఐదు నిమిషాలు. పిల్లలు ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే. "ఊరికే పడుకోవడమే కదా మేడమ్" అంటారు. ఊరికే పడుకోవడం నేర్చుకోవడమే ఈ పిల్లలకు అన్నిటికంటే కష్టమైన ఆసనమని మా ఫిజియోథెరపిస్టు నవ్వుతూ అంటుంటారు.

సాగదీస్తే పెరిగే నొప్పులున్నాయి

ప్రతి బిగువూ సాగదీసి పోగొట్టేది కాదు. పిరుదు కింద, మనం కూర్చునే ఎముక దగ్గర నొప్పి ఉంటే అది తొడ వెనుక కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు నొప్పి కావచ్చు. ముందుకు వంగి కాలి వేళ్లు పట్టుకునే పశ్చిమోత్తానాసనం లాంటివి ఆ స్నాయువును ఎముకకు అదిమి నొప్పి పెంచుతాయి. యోగా ఎక్కువగా చేసేవారిలోనూ ఈ బాధ చూస్తాము. మడమ ఎముకకు స్నాయువు అతుక్కునే చోట నొప్పి ఉన్నవారు మెట్టు అంచున నిలబడి మడమ కిందికి వేలాడదీయకూడదు. మోకాలి నొప్పి ఉన్నవారు పద్మాసనం, వజ్రాసనం కొంతకాలం పక్కన పెట్టాలి. పద్మాసనంలో తుంటి తిరగనప్పుడు ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. బీపీ అదుపులో లేనివారు, కంట్లో నీటికాసులు ఉన్నవారు, మెడ నొప్పి ఉన్నవారు శీర్షాసనం జోలికి పోకూడదు.

ఆసనం గురించి పతంజలి చెప్పిన లక్షణాలు రెండే: నిలకడగా ఉండాలి, సుఖంగా ఉండాలి. పళ్లు బిగబట్టి, ముఖం చిట్లించి, పక్కవాడి వైపు చూస్తూ వేసేది ఆయన లెక్కలో కూడా ఆసనం కాదు.

ఈ కింది లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆసనాలు, పరుగు రెండూ ఆపి డాక్టరుకు చూపించండి.

ఎముక మీద ఒకే చోట, వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి.

ఒంటికాలి మీద గెంతితే నొప్పి. రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి.

పరుగులో గజ్జల లోపల నొప్పి. తుంటి ఎముక మెడ భాగంలో పగులుకు ఇది గుర్తు కావచ్చు. అశ్రద్ధ చేస్తే ఆపరేషన్ దాకా వస్తుంది.

పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, లేదా కుటుంబంలో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారు ఉండడం.

ఊపిరి సంగతి

సెలక్షన్ రోజు మైదానంలో చూడండి. రాత్రంతా నిద్రలేదు. లైన్లో నిలబడేసరికి గుండె దడదడలాడుతుంది. పరుగు మొదలుకాకముందే సగం శక్తి అయిపోతుంది. ఇక్కడ యోగా చేసే మేలు మాకు స్పష్టంగా కనబడింది. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. నిమిషానికి ఆరు ఊపిర్లవుతాయి. ఐదు నిమిషాల్లో గుండె వేగం నెమ్మదిస్తుంది, మనసు కుదుటపడుతుంది. రోజూ పడుకునే ముందు చేస్తే నిద్ర పట్టడం తేలికవుతుంది. అలవాటైతే లైన్లో నిలబడి కూడా, పక్కవారికి తెలియకుండానే చేయవచ్చు. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగపు ఊపిర్లు పరుగుకు ముందు అక్కర్లేదు. బీపీ, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారికి, గర్భిణులకు అవి తగవు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట

పరుగెత్తే ఆడపిల్లలకు కాళ్ల నొప్పులతోపాటు మేము ఇంకో రెండు విషయాలు అడుగుతాము. ఏం తింటున్నావు, నెలసరి సరిగా వస్తోందా అని. మూడు నెలలుగా నెలసరి రాకపోతే కొందరు "పోనీలే, పరుగుకు అడ్డం లేదు" అనుకుంటారు. అది మంచి గుర్తు కాదు. తిండి చాలడం లేదని, ఎముక పలచబడే దారిలో ఉందని ఒళ్లు చేస్తున్న హెచ్చరిక కావచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉన్న పిల్లకు ప్రాణాయామం నేర్పితే ఆయాసం పోదు. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పప్పు, ఆకుకూర, గుడ్డు కడుపునిండా పెట్టండి. డాక్టరు రాస్తే ఐరన్ మాత్రలు వేయించండి. చాప ఆ తర్వాత.

మనసులో సందేహం ఉన్నవారికి

మా పాఠకుల్లో కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది. యోగా వేరే మత సాధన కదా, మన సంఘాల పిల్లలు చేయవచ్చా అని. ఈ ప్రశ్నను మేము తేలిగ్గా తీసిపారేయము. ఈ వ్యాసంలో మేము చెప్పింది కండరాలకు, కీళ్లకు, ఊపిరికి సంబంధించిన పని మాత్రమే. ఫిజియోథెరపీలో మేము బ్రిడ్జి అనేదాన్నే యోగాలో సేతుబంధాసనం అంటారు. నడుము పైకెత్తినప్పుడు పిరుదుల కండరం ఏ పేరుతో పిలిచినా ఒకేలా పనిచేస్తుంది. మంత్రం, ధ్యానం విషయం ఎవరి మనస్సాక్షికి వారిది. మనసొప్పనివారిని బలవంతం చేయవద్దు. చేసేవారిని తప్పుపట్టవద్దు. పేరు దగ్గర వాదులాడుకుంటూ పిల్లల కాళ్లను మరచిపోవద్దన్నదే మా మనవి.

కోచింగ్ ఇచ్చేవారికి

మా అసలు విన్నపం శిక్షణ ఇచ్చేవారికి, స్కూలు వ్యాయామ ఉపాధ్యాయులకు. నూరుమంది పిల్లలను చీకట్లో కూర్చోబెట్టి అరగంట కాళ్లు సాగదీయించి, అందరినీ ఒకే దూరం పరుగెత్తించడం సులువే. ఎవరు నిన్ననే వచ్చారు, ఎవరు కుంటుతున్నారు అని చూడడం కష్టం. కానీ రెండోదే శిక్షణ. కొత్తవారికి దూరం వారం వారం కొద్దికొద్దిగానే పెంచండి. వారానికి ఒక రోజైనా పూర్తి విశ్రాంతి ఇవ్వండి. మట్టి మైదానం ఉంటే రోడ్డు వదలండి. సాగదీసే ఆ అరగంటను వీరభద్రాసనం, సేతుబంధాసనం, వృక్షాసనం లాంటి బలం పెంచే పనికి మార్చండి, అదీ పరుగు తర్వాత. నొప్పి అన్న పిల్లవాడిని "నొప్పి లేనిదే ఉద్యోగం రాదు" అని మందలించకండి. నొప్పి చెప్పుకోగలిగిన చోటనే ఎముక పగలకముందు మా దగ్గరికి వస్తారు.

2015 నుంచి ప్రతి సంవత్సరం జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుపుకుంటున్నాము. ఆ రోజు మైదానాల్లో వేలమంది ఒకేసారి వంగి లేస్తారు. మంచిదే. మర్నాడు ఉదయం అదే మైదానంలో అరిగిన బూట్లతో పరుగెత్తే పిల్లవాడి కాలిని ఎవరైనా చూస్తున్నారా అన్నది మా ప్రశ్న.

మొదట చెప్పిన అబ్బాయి ఎనిమిది వారాలు పరుగు మానాడు. ఆ రోజుల్లో చేతులకు, నడుముకు వ్యాయామం చేశాడు. నొప్పి తగ్గాక మా విభాగంలో సేతుబంధాసనంతో మొదలుపెట్టి, నడక, నడకలో నిమిషం పరుగు, తర్వాత రెండు నిమిషాలు అంటూ పెంచాము. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఊరి చెరువు గట్టు మీద మట్టిదారిలో పరుగెత్తుతున్నాడు. తిరిగొచ్చి ఇంటి వసారాలో చాప పరుస్తాడు. వచ్చే నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఉద్యోగం వస్తుందో రాదో మేము చెప్పలేము.

మొన్న ఆ తల్లి మందుల కోసం ఓపీకి వచ్చి, "ఇప్పుడు చివర్లో కాసేపు కళ్లు మూసుకుని పడుకుంటున్నాడండీ. ఇదివరకు వాడికి అదొక్కటి చేతనయ్యేది కాదు" అన్నది. ఆమె ప్రశ్నకు మేము ఇవ్వవలసిన జవాబులో సగం ఆమె మాటలోనే ఉంది. మిగతా సగం పైన రాశాము.